నవ్వు ఫోటోతో మృతుల గుర్తింపు: సోషల్ మీడియా చిత్రాలను దంత పరీక్షలో ఎలా వాడాలి?

2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర బెంగళూరు–హైదరాబాద్ బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం కూలింది. అదే ఏడాది అక్టోబర్ 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర మళ్ళీ ఒక బస్సు కాలిపోయింది. మూడు చోట్లా ముఖం చూసి పోల్చుకునే వీల్లేక, మృతదేహాల అప్పగింత డీఎన్‌ఏ పరీక్షల దాకా వెళ్ళింది. మావాడు ఎక్కడ అని అడిగే తల్లిదండ్రులకు ఆ ఎదురుచూపులో ఒక్కో గంటా ఒక్కో ఏడులా గడుస్తుంది.

విపత్తుల్లో చనిపోయినవారి గుర్తింపుకు ఇంటర్‌పోల్ ప్రధాన ఆధారాలుగా ఒప్పుకునేవి మూడే: వేలిముద్రలు, పళ్ళు, డీఎన్‌ఏ. చూసి గుర్తుపట్టడం ఒక్కటే సరిపోతుందని అది ఒప్పుకోదు. దుఃఖంలో ఉన్న మనిషి పొరపాటున వేరే వాళ్ళ బిడ్డను తన బిడ్డ అనుకోవడం చాలా తేలిక. పంటి పైపొర ఎనామిల్‌లో దాదాపు 96 శాతం ఖనిజమే. మన ఒంట్లో అంతకంటే గట్టి పదార్థం లేదు. చర్మం పోయినా, వేలిముద్రలు పోయినా పళ్ళు చాలాసార్లు మిగులుతాయి.

మరి మన దగ్గర చిక్కెక్కడ? పోల్చడానికి పాత రికార్డు దొరకదు. పన్ను నొప్పి పుడితే వీధి చివరి క్లినిక్‌కు వెళ్ళి పీకించుకుని వచ్చేస్తాం. ఎక్స్‌రే కాగితం ఏ బీరువాలో ఉందో ఎవరికీ తెలియదు. కానీ ఫోన్‌లో మాత్రం పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, తిరుపతి ప్రయాణాలు, రీల్స్, వందల నవ్వులు ఉంటాయి. డెంటల్ రికార్డు లేని మనిషికి ఆ నవ్వే రికార్డు. బ్రెజిల్ ఫోరెన్సిక్ దంతవైద్యులు సెల్ఫీలతో, నవ్వు ఫోటోలతో చేసిన గుర్తింపులను వైద్య పత్రికల్లో ప్రచురించారు. ఆ పని మన పరిస్థితుల్లో ఎలా చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఇది ముఖ్యంగా యువ దంతవైద్యులకు, కేసు చూసే పోలీసులకు. కుటుంబ సభ్యులు మొదటి రెండు అడుగులు చదివినా చాలు.

అడుగు 1: ఇంటివాళ్ళను ఫోటోలు అడగడం

ఎక్కువగా ఇక్కడే పని చెడుతుంది. "ఒక ఫోటో ఇవ్వండి" అంటే ఇంటివాళ్ళు ఆధార్ ఫోటోయో పాస్‌పోర్ట్ సైజు ఫోటోయో తెస్తారు. వాటిలో నోరు మూసే ఉంటుంది, మనకు ఉపయోగం లేదు. "అమ్మా, బాబు పళ్ళు కనిపించేలా నవ్విన ఫోటోలు కావాలి. ఎన్ని ఉంటే అన్నీ ఇవ్వండి, పాతవి కూడా" అని విడమరిచి అడగాలి. ఎందుకు అడుగుతున్నామో కూడా చెప్పాలి. చెప్పకుండా నవ్వే ఫోటోలు అడిగితే ఆ సమయంలో వాళ్ళ మనసు కష్టపడుతుంది.

తల్లిదండ్రులకు తెలియని ఫోటోలు స్నేహితుల దగ్గర ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టింది తమ్ముడికి తెలుస్తుంది. హాస్టల్ రూమ్‌మేట్ ఫోన్‌లో పెద్దగా నవ్వుతున్న వీడియో ఉంటుంది. వీటన్నిటికన్నా మేలైంది ఒకటుంది: పెళ్ళి ఫోటోగ్రాఫర్ హార్డ్ డిస్క్. మంచి కెమెరా, మంచి లైటు, కుదించని ఫైలు. ఈ మధ్య ఇంట్లో ఏ శుభకార్యం జరిగిందో కనుక్కుని ఆ ఫోటోగ్రాఫర్‌కు ఫోన్ చేయించండి.

ఫోటోలతో పాటు నోటి సంగతులూ అడగాలి, అదీ వాళ్ళ మాటల్లోనే. "క్లిప్పులు వేయించారా? ఎప్పుడు తీసేశారు? క్యాప్ ఉందా? ముందు పన్నుకు సిమెంట్ పెట్టించుకున్నాడా? ఎప్పుడైనా పడి పన్ను విరిగిందా? గుట్కా, పాన్ అలవాటు ఉందా?" చివరి ప్రశ్న తండ్రి ముందు అడిగితే నిజం రాకపోవచ్చు. స్నేహితుణ్ణి పక్కకు పిలిచి అడగండి.

అడుగు 2: ఫైలు పాడవకుండా తీసుకోవడం

"వాట్సాప్‌లో పంపండి" అనడం అందరికీ అలవాటు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోను కుదిస్తుంది, తీసిన తేదీ, కెమెరా లాంటి వివరాలను తీసేస్తుంది. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా అటాచ్ చేయమనండి, అసలు ఫైలు అలాగే వస్తుంది. ఫోన్ నుంచి నేరుగా కేబుల్‌తో కాపీ చేసుకోవడం ఇంకా మంచిది. ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు మామూలుగా 1080 పిక్సెల్స్ వెడల్పుకు కుదించి ఉంటాయి. అందుకే పోస్ట్ కనిపించగానే అక్కడితో ఆగకండి. దాని అసలు ఫోటో గ్యాలరీలోనో గూగుల్ ఫోటోస్‌లోనో ఉందేమో వెతికించండి. స్క్రీన్‌షాట్ ఇంకే దారీ లేనప్పుడే. అప్పుడు ఖాతా పేరు, లింకు, స్క్రీన్‌షాట్ తీసిన తేదీ, సమయం రాసి పెట్టుకోండి.

కుటుంబం దగ్గర పాస్‌వర్డ్ తీసుకుని మృతుడి ఖాతాలోకి మీరే వెళ్ళకండి. ఇంటివాళ్ళ చేతనే తీయించండి, లేదా దర్యాప్తు అధికారి చట్టప్రకారం తెప్పిస్తారు. ఫైలు చేతికి రాగానే దాని హ్యాష్ విలువ, అంటే ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి డిజిటల్ వేలిముద్ర, తీసి నమోదు చేయండి. అసలు ఫైలును ముట్టుకోకుండా పక్కన పెట్టి, పనంతా కాపీ మీదే చేయండి. భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో హ్యాష్ విలువ రాయాలి. మొదటి రోజే తీసి ఉంచకపోతే తర్వాత ఇబ్బంది పడతారు.

అడుగు 3: ఏ ఫోటో పనికొస్తుంది, ఏది రాదు

ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. పై ముందు పన్ను వెడల్పు సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ముఖం వెడల్పు దాదాపు 13 నుంచి 14 సెంటీమీటర్లు. అంటే పన్ను ముఖంలో సుమారు 16వ వంతు. ఫోటోలో ముఖం 160 పిక్సెల్స్ ఉంటే పన్నుకు వచ్చేది 10 పిక్సెల్సే. జేపెగ్ ఫైలు చిత్రాన్ని 8 పిక్సెల్స్ గళ్ళుగా విడగొట్టి కుదిస్తుంది కాబట్టి అంత చిన్న పన్నులో కనిపించే అంచు పంటిదో, కుదింపు తెచ్చిన మరకో చెప్పలేం. ముఖం 640 పిక్సెల్స్ ఉంటే పన్నుకు 40 వస్తాయి. ఒక మిల్లీమీటరు విరుపు నాలుగైదు పిక్సెల్స్‌గా కనిపిస్తుంది. అప్పుడు మాట్లాడొచ్చు. పన్నెండు మంది నిలబడిన గ్రూప్ ఫోటోను జూమ్ చేసి పంటి ఆకారం వర్ణించే ప్రయత్నం చేయకండి.

ఇక ఫిల్టర్లు. చాలా ఫోన్లలో ముందు కెమెరాకు బ్యూటీ మోడ్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది. అది పళ్ళను తెల్లగా చేస్తుంది, సన్నని గీతలను నునుపు చేసేస్తుంది. కాబట్టి ఫోటోలో పంటి రంగును బట్టి ఏమీ తేల్చకండి. మరక కనిపిస్తే రాసుకోండి, కానీ మరక కనిపించలేదు కాబట్టి లేదని రాయకండి.

ఏఐతో బ్లర్ తీసి క్లియర్ చేసే యాప్‌ల గురించి మరీ గట్టిగా చెప్పాలి. వాటిని ఈ పనిలో అస్సలు వాడకూడదు. ఆ యాప్ మసకగా ఉన్న చోట లేని వివరాన్ని వెలికితీయదు, ఊహించి గీస్తుంది. అది గీసేది చక్కటి వరుసలో ఉన్న, ఎవరివీ కాని పళ్ళను. వాటితో పోల్చి "కాదు" అన్నా "అవును" అన్నా ఒక కుటుంబానికి తీరని అన్యాయం చేసినట్టే. వెలుగు, కాంట్రాస్ట్ సరిచేయడం, తిప్పడం, కత్తిరించడం, ఇంతవరకే. చేసిన ప్రతి మార్పునూ రాసి ఉంచాలి.

తర్వాత అద్దం సమస్య. కొన్ని ఫోన్లు, యాప్‌లు సెల్ఫీని అద్దంలో బొమ్మలా ఎడమ కుడి తారుమారు చేసి దాస్తాయి. ఇది పట్టుకోకపోతే కుడి పన్ను విరుపు ఎడమకు పోతుంది, సరైన దేహాన్ని కాదనేస్తాం. ఎలా పట్టుకోవాలి? వెనక బోర్డు మీద, టీషర్టు మీద అక్షరాలు చూడండి. అక్షరాలు లేకపోతే చొక్కా జేబు చూడండి. మగవాళ్ళ చొక్కాకు జేబు ఎడమ ఛాతీ మీద ఉంటుంది, సరైన ఫోటోలో అది చూసేవారికి కుడివైపు కనిపించాలి. మన చీరకట్టులో పైట ఎడమ భుజం మీద ఉంటుంది, అదీ చూసేవారికి కుడివైపే రావాలి. గుజరాతీ కట్టులో కుడి భుజం మీదకు వస్తుంది కాబట్టి ఆ సంగతి ఇంటివాళ్ళను అడిగి తెలుసుకోండి. పుట్టుమచ్చ ఎటువైపో తల్లి చెప్పినంత కచ్చితంగా ఎవరూ చెప్పలేరు.

వీడియోలను మరచిపోకండి. ఫోటోకు పోజిచ్చేటప్పుడు పై పళ్ళే కనిపిస్తాయి. పకపకా నవ్వే వీడియోలో కింది పళ్ళు, ఒక్కోసారి దవడ పళ్ళ మీది క్యాప్ కూడా కనిపిస్తాయి. కదలికలో అంచులు చెదురుతాయి కనుక ఒక ఫ్రేమ్‌తో సరిపెట్టుకోకుండా వరుసగా నాలుగైదు తీసి, అన్నిటిలోనూ ఉన్న లక్షణాన్నే లెక్కలోకి తీసుకోండి.

అడుగు 4: ఫోటోలను తేదీల వరుసలో పేర్చడం

అప్‌లోడ్ చేసిన తేదీ ఫోటో తీసిన తేదీ కాదు. "పాత జ్ఞాపకం" అని ఐదేళ్ళనాటి ఫోటోను నిన్న పోస్ట్ చేసి ఉండొచ్చు. అసలు ఫైలులో తేదీ లేకపోతే సందర్భం పట్టుకోండి: అక్క పెళ్ళి, కాలేజీ ఫేర్‌వెల్, కొత్త బండి కొన్న రోజు. క్లిప్పులు వేయకముందు, తీసేశాక తీసిన ఫోటోలు ఇద్దరు వేర్వేరు మనుషులవిలా ఉంటాయి. వరుస తెలియకపోతే మిగతా పనంతా వృథా.

అడుగు 5: ఫోటోలోని పళ్ళను చదవడం

మార్చురీకి వెళ్ళకముందే, అక్కడి పళ్ళు చూడకముందే ఈ చదవడం పూర్తి చేసి రాసేయాలి. దేహం పళ్ళు ముందే చూసేస్తే మసక ఫోటోలోనూ అవే కనిపిస్తాయి. ఇద్దరుంటే ఒకరు ఫోటోలు, ఇంకొకరు దేహం చూసి, ఆ తర్వాతే కలిసి పోల్చడం మంచిది.

పళ్ళకు రెండంకెల ఎఫ్‌డీఐ (ప్రపంచ దంతవైద్య సమాఖ్య) సంఖ్యలు వాడండి. పై కుడి ముందు పన్ను 11, దాని పక్కది 12, కోరపన్ను 13. ఎడమవైపు 21, 22, 23. మామూలు నవ్వులో బాగా కనిపించేవి ఈ ఆరే. ప్రతిదానికీ ఇవి చూడండి: పంటి సందు ఉందా, పన్ను మీద పన్ను ఎక్కిందా, కోరపన్ను పైకి ఉండిపోయిందా, ఏ పన్ను ఎటు తిరిగింది, అంచు విరిగిందా అరిగిందా, ఎత్తుపళ్ళా, క్యాప్ లేదా బంగారు పన్ను ఉందా. వాటితో పాటు 11, 12 వెడల్పుల నిష్పత్తి. ఫోటోలో స్కేలు ఉండదు కాబట్టి మిల్లీమీటర్లు మనకు రావు, నిష్పత్తులే వస్తాయి. మీసం నీడనూ, ఫ్లాష్ మెరుపునూ విరుపు అనుకోకుండా చూసుకోండి. ఇంకో ఫోటోలో కూడా అదే చోట ఉంటేనే అది పంటిది.

మన నేలకు సంబంధించిన ఒక విషయం. నల్గొండలోనూ, ఉమ్మడి ప్రకాశం జిల్లాలో కనిగిరి, దర్శి, పొదిలి ప్రాంతాల్లోనూ ఫ్లోరైడ్ నీళ్ళ వల్ల పళ్ళ మీద గోధుమ, సుద్ద రంగు మచ్చలు చాలామందికి ఉంటాయి. అక్కడి మనిషిని "ఫ్లోరోసిస్ ఉంది" అన్న ఒక్క మాటతో గుర్తించలేం, ఊరంతా అలాగే ఉంటుంది. కానీ ఏ పన్ను మీద మచ్చ ఎంత ఎత్తులో ఉంది, అడ్డంగా ఎక్కడ తెగింది అన్నది మనిషి మనిషికీ మారుతుంది. మచ్చ ఉందన్న మాటకు విలువ తక్కువ, మచ్చ ఆకారానికి విలువ ఎక్కువ. ఈ తేడా రిపోర్టులోనూ కనిపించాలి.

అడుగు 6: మార్చురీలో

ముందు ఫోటో, ఆ తర్వాతే చెయ్యి. కాలిన దేహంలో పెదాలు ముడుచుకుపోయి ముందు పళ్ళకే మంట నేరుగా తగులుతుంది. లోపలి దవడ పళ్ళను బుగ్గలు, నాలుక కొంత కాపాడతాయి. నవ్వు ఫోటోలో కనిపించేవి ముందు పళ్ళు, మంటలో ఎక్కువగా పోయేవీ అవే. ఈ పద్ధతికి ఉన్న పెద్ద పరిమితి ఇదే. దాన్ని దాచకుండా మొదటే దర్యాప్తు అధికారికి చెప్పండి. కాలి బూడిద రంగుకు తిరిగిన పన్ను ముట్టుకుంటే పొడి అవుతుంది. ఫోటో తీశాక, కదిలించకముందే, పల్చని సూపర్ గ్లూతో గట్టిపరచాలి.

నీళ్ళలో నానిన, కుళ్ళిన దేహంలో ఇబ్బంది వేరు. ముందు పళ్ళకు ఒకటే వేరు, చిగురు వదులైతే జారిపోతాయి. నోట్లో, గొంతులో, బాడీ బ్యాగ్ అడుగున, దొరికిన చోట మట్టిలో వెతికించండి. ఖాళీ గుంటను బాగా చూడండి. అంచులు పదునుగా, గుంట లోతుగా ఉంటే పన్ను చనిపోయాకో, ఆ సమయంలోనో పోయింది. ఎముక పూడి నునుపుగా ఉంటే బతికుండగానే చాలాకాలం క్రితం పోయింది.

డీఎన్‌ఏ కోసం పన్ను తీయాల్సి వస్తే పుచ్చని దవడ పన్ను తీసుకోమనండి. ముందు పళ్ళ జోలికి వెళ్ళొద్దు. ఏది తీసినా ఫోటోలు, ఎక్స్‌రేలు పూర్తయ్యాకే.

అడుగు 7: అదే కోణంలో, అదే దూరం నుంచి ఫోటో

సెల్ఫీ సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర నుంచి తీస్తారు. కోరపన్ను ముందు పన్ను కంటే దాదాపు ఒక సెంటీమీటరు వెనక ఉంటుంది కాబట్టి అంత దగ్గర నుంచి అది మూడు శాతం దాకా చిన్నగా పడుతుంది. దవడ పళ్ళయితే పది శాతం దాకా. రెండు మీటర్ల నుంచి తీసిన పెళ్ళి ఫోటోలో ముందు పన్నుకు, కోరపన్నుకు మధ్య ఈ తేడా అర శాతమే. అందుకని సెల్ఫీతో పోల్చాలంటే మీరూ దగ్గర నుంచే, పెళ్ళి ఫోటోతో పోల్చాలంటే దూరం నుంచే తీయాలి. తల ఎంత వంగింది, ఎటు తిరిగింది అన్నది ఫోటోను పక్కన పెట్టుకుని సరిచూసుకుంటూ ఒక్కో కోణానికి పది పదిహేను తీయండి. ఎల్ ఆకారపు స్కేలు పెట్టి కొన్ని, పెట్టకుండా కొన్ని.

అడుగు 8: ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చడం

ఫోటోషాప్ లేదా ఉచితంగా దొరికే జింప్ చాలు. ఫోటోలో ఒక కోరపన్ను నుంచి ఇంకో కోరపన్ను దాకా పళ్ళ అంచుల గీతను ఒక లేయర్‌లో గీయండి. రెండు కోరపళ్ళ మొనలను ఆధారంగా తీసుకుని మార్చురీ ఫోటోను అదే కొలతకు తెచ్చి, గీతను దాని మీద పెట్టండి. వెడల్పును, ఎత్తును వేర్వేరుగా సాగదీయొద్దు. ఇంకో జాగ్రత్త: సరిపెట్టడానికి వాడిన ఆ రెండు మొనలూ సరిపోయాయని సాక్ష్యంగా రాయకూడదు. వాటిని సరిపెట్టింది మనమే. వాటి మధ్యలోని అంచులు ఎలా కూర్చున్నాయన్నదే సాక్ష్యం.

ఒక కేసు ఊహించుకుందాం. కాలువలో దొరికిన యువకుడి దేహం, ముఖం పోల్చుకోలేం. ఇంటివాళ్ళు రెండు ఫోటోలు ఇచ్చారు. మూడేళ్ళ క్రితం అక్క పెళ్ళిలో ఫోటోగ్రాఫర్ తీసింది ఒకటి. అందులో 11 లోపలి మూల విరిగి ఉంది, 12 కాస్త లోపలికి వాలింది, 13 పైకి ఉంది. ఇంకొకటి మూడు నెలల క్రితం సెల్ఫీ. అందులో విరుపు లేదు, పైకున్న కోరపన్ను ఎడమవైపు ఉంది. తొందరపడితే "ఇద్దరూ ఒకరు కాదు" అనేస్తాం. సెల్ఫీలో చొక్కా జేబు చూస్తే మనకు ఎడమవైపు ఉంది. అంటే ఫోటో తారుమారైంది, తిప్పితే కోరపన్ను కుడికి వచ్చేసింది. మరి విరుపు ఏమైంది? తల్లిని అడిగితే, "క్రికెట్ ఆడుతూ విరగ్గొట్టుకున్నాడు, పెళ్ళిచూపుల ముందు సిమెంట్ పెట్టించాం" అంది. దేహంలో 11 మామూలు కంటికి నిండుగానే ఉంది. గది చీకటి చేసి అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే లోపలి మూలన చిన్న ముక్క మిగతా పన్ను కంటే వేరుగా మెరిసింది. పంటి రంగు సిమెంట్ అది. 22 గుంట ఖాళీగా, పదునైన అంచులతో ఉంది, చనిపోయాక జారిపోయిన పన్ను అది. ఇలా ఒక్కో తేడాకూ కారణం దొరుకుతూ, మిగతా అంచుల గీత కుదిరితే ఆ పోలికకు బలం వస్తుంది.

అడుగు 9: తేడాలను తూచడం

కాలం ముందుకే నడుస్తుంది, పంటి కథ కూడా అంతే. ఫోటోలో ఉన్న పన్ను దేహంలో లేకపోవచ్చు, మధ్యలో పీకించుకుని ఉండొచ్చు. ఫోటోలో నిండుగా ఉన్నది దేహంలో విరిగి ఉండొచ్చు. కానీ ఐదేళ్ళ క్రితం ఫోటోలో లేదని స్పష్టంగా తెలిసిన ముందు పన్ను దేహంలో సొంత వేరుతో ఉంటే, ఫోటోనాటికి పాలపళ్ళ వయసు కాకపోతే, అది ఆ మనిషి కాదు. కారణం చెప్పలేని తేడా ఒక్కటి చాలు, పది పోలికలున్నా పక్కన పెట్టాలి. ఇన్ని పోలికలుంటే చాలన్న లెక్క దంత గుర్తింపులో లేదు. అరుదైన లక్షణం ఒక్కటి అందరికీ ఉండే లక్షణాలు ఐదింటికన్నా ఎక్కువ తూగుతుంది.

నా అనుభవంలో నవ్వు ఫోటో ఎక్కువగా ఆదుకునేది "అవును" అనడానికి కాదు, "కాదు" అనడానికి. ఇరవై మంది పేర్లున్న జాబితాలోంచి పదిహేను మందిని ఒక పూటలో పక్కన పెట్టగలిగితే డీఎన్‌ఏ ల్యాబ్ మీద బరువు తగ్గుతుంది, కుటుంబాల ఎదురుచూపూ తగ్గుతుంది.

అడుగు 10: రిపోర్టు

నిర్ణయం నాలుగు మాటల్లో ఒకటై ఉండాలి: గుర్తింపు ఖాయం, గుర్తింపుకు అవకాశం ఉంది, ఆధారాలు చాలవు, ఈ వ్యక్తి కాదు. అమెరికా ఫోరెన్సిక్ దంతవైద్యుల బోర్డు వాడే విభజన ఇదే. ఒక్క సెల్ఫీతో "ఖాయం" అని రాయడానికి చెయ్యి వెనకాడాలి. పళ్ళ అమరిక బాగా అరుదైనదై, ఒకటికంటే ఎక్కువ స్పష్టమైన ఫోటోలుంటేనే ఆ మాట. లేకపోతే "అవకాశం ఉంది" అని రాసి డీఎన్‌ఏకు వదిలేయండి. "ఆధారాలు చాలవు" అని రాయడంలో నామోషీ ఏమీ లేదు.

ఇంటర్‌పోల్ ఫారాల్లో మరణానికి ముందు వివరాలకు పసుపు, తర్వాతి వివరాలకు గులాబీ రంగు వాడతారు. పెద్ద ప్రమాదాల్లో ఆ పద్ధతి పాటిస్తే కాగితాలు కలిసిపోవు. రిపోర్టులో ఫోటో ఎవరిచ్చారు, హ్యాష్ విలువ, చేసిన మార్పులు, పోలికలు, తేడాలు, తేడాలకు కారణాలు అన్నీ ఉండాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 194వ సెక్షన్ కింద శవ పంచనామా చేసే అధికారికి ఇది చేరుతుంది. రేపు కోర్టులో నిపుణుడిగా మిమ్మల్ని పిలిస్తే ప్రతి గీత ఎందుకు గీశారో చెప్పగలగాలి.

చివరి అడుగు: మళ్ళీ ఇంటివాళ్ళ దగ్గరకు

మార్చురీ ఫోటోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి, డిపార్ట్‌మెంట్ గ్రూపు అయినా సరే. ఒకసారి బయటికి పోతే అది ఆ తల్లి ఫోన్‌కు కూడా చేరుతుంది. ఫలితం చెప్పేటప్పుడు పోలిక చిత్రాలు చూపించకండి. "పళ్ళ అమరిక కలిసింది" అని కూర్చోబెట్టి చెప్పండి, అడిగితేనే వివరించండి.

ఫోన్ తీసుకుని ఉంటే, కేసుకు అవసరం తీరి అధికారి అనుమతి రాగానే, అందులో ఒక్క ఫోటో కూడా చెరపకుండా, ఛార్జ్ పెట్టి తిరిగివ్వండి. పెన్‌డ్రైవ్‌లో ఇచ్చినవీ అంతే, ఇచ్చినవి ఇచ్చినట్టు లెక్కపెట్టి అప్పగించి సంతకం తీసుకోండి. ఆ ఇంట్లోవాళ్ళు దాన్ని తెరిచి మొదట చూసేది ఆ నవ్వునే.